మంట ముట్టించినవాడు ఎవడు?



పోయిన ఫిబ్రవరిలో పట్నం వెళ్లొచ్చాను. మన పాలమూరు పల్లెల నుంచి బతుకుదెరువు కోసం వెళ్లిన కుటుంబాలను ఏడాదికి రెండుసార్లయినా చూసి రావడం నాకు అలవాటు. ఈ మాటలు చదివే మీలో సగం మంది మాదాపూర్, కొండాపూర్, నానక్‌రామ్‌గూడ గదుల్లోనే ఉన్నారు గదా. ఆ రాత్రి కొండాపూర్‌లో మన సంఘపు తమ్ముడి ఇంట్లో పడుకున్నాను. తెల్లవారుజామున గొంతులో గరగరగా ఉండి లేచాను. కిటికీ తీస్తే వీధిలో మూడు చోట్ల పొగ. రాలిన కానుగాకును కుప్పలుగా ఊడ్చి నిప్పు పెట్టారు. మంట లేదు, ఎర్రటి నిప్పు కూడా కనబడదు. తెల్లటి పొగ మాత్రం నేలను పట్టుకొని పాకుతోంది.

ఆ తమ్ముడు ఒక పెద్ద అపార్ట్‌మెంట్‌లో తోటపని చేస్తాడు. పేరు రాయను, అపార్ట్‌మెంట్ పేరూ రాయను. టీ తాగుతూ తన సంగతి చెప్పాడు. ఏడు గంటలకు కార్లు బయటికి వచ్చేలోపు ఆకు ఒక్కటి కనబడకూడదని సూపర్‌వైజర్ మాట. సంచులు అడిగితే లేవన్నారు, బండి అడిగితే రాదన్నారు. "గోడ మూలకు వేసి అంటించెయ్" అన్నారు. అంటించాడు. ఎవరో ఫోటో తీసి పంపారు. జరిమానా పడింది. అపార్ట్‌మెంట్‌వాళ్లు కాంట్రాక్టర్ మీదికి తోశారు, కాంట్రాక్టర్ రెండు నెలల జీతంలో ఐదు వేలు కోశాడు.

"అయ్యగారూ, బైబిలు ప్రకారం చూస్తే ఇది నేను కట్టాల్సిందేనా?" అని అడిగాడు. అప్పుడు నా దగ్గర జవాబు లేదు. చదివి చెప్తానన్నాను. ఈ వ్యాసం ఆ బాకీ తీర్చడానికే.

చెత్త కాల్చే విషయం బైబిల్లో ఉందా అని ఆశ్చర్యపోకండి. నిర్గమకాండము 22వ అధ్యాయం 6వ వచనం అచ్చంగా దాని గురించే. తెరిచి చూడండి. కోతల కాలం, ఎండిన పైరు, పొలం గట్ల మీద ముండ్లకంప. ఒకడు నిప్పు పెడతాడు. అది కంపను పట్టుకొని పక్కవాడి కుప్పలకో పైరుకో పాకుతుంది. మోషే ధర్మశాస్త్రం ఏమంటుందంటే, నిప్పు తనంతట తాను పాకినా సరే, అంటించినవాడే నష్టం పూర్తిగా కట్టాలి. ఉద్దేశం ఏమిటని అడగదు. గాలి వీచింది, నేనేం చేసేది అంటే వినదు. మన దగ్గర కూడా పెద్దలకు ఈ భయం ఉండేది. రోహిణి కార్తెలో తుమ్మకంప కొట్టి, ఆకు రాలిపోయేదాకా ఎండబెట్టి, చుట్టూ గడ్డి చెక్కి, గాలి పడిపోయాక నీళ్ల కుండ పక్కన పెట్టుకొని అంటించేవారు. అది చూస్తూ పెరిగినవాణ్ణి నేను. కంప పూర్తిగా ఆరిపోయేదాకా మా నాయన అన్నానికి లేచేవాడు కాదు.

లేవీయకాండము 6వ అధ్యాయంలో ఇంకో సంగతి నాకు ఇష్టం. బలిపీఠం మీది బూడిదను పాళెం వెలుపల పవిత్ర స్థలానికి మోసుకుపోవాలి. మోసేది ఎవరు? కూలివాడు కాదు, యాజకుడే, బట్టలు మార్చుకొని మరీ.

(ఇక్కడే ఒక దిద్దుబాటు. హిన్నోము లోయ యెరూషలేము చెత్త కాల్చే దిబ్బ అనీ, రాత్రింబగళ్లు మండేదనీ నేనూ ప్రసంగాల్లో చెప్పాను. ఆ మాట మొదట రాతలో కనబడేది సుమారు 1200 ప్రాంతంలో, దావీదు కిమ్హీ అనే యూదు పండితుని వ్యాఖ్యానంలో. అంటే యేసు ప్రభువు కాలానికి వెయ్యేళ్లు దాటాక. ఇక చెప్పను.)

మరి అంటించినవాడు ఒకడు, అంటించమన్నవాడు ఇంకొకడు అయితే? ఈ ప్రశ్నను యూదు రబ్బీలు చాలా ముందే పట్టుకున్నారు. క్రీ.శ. 200 ప్రాంతంలో కూర్చిన మిష్నాలో బావా కమ్మా అనే భాగం ఉంది. ఒకరి వల్ల ఇంకొకరికి జరిగే నష్టాల గురించి. అందులో ఆరో అధ్యాయం నిప్పు సంగతి మాట్లాడుతుంది. ఒకడు నిప్పు తెచ్చాక మరొకడు కట్టెలు తెస్తే, బాధ్యత కట్టెలవాడిది. ముందు కట్టెలు, తర్వాత నిప్పు అయితే నిప్పువాడిది. మూడోవాడు వచ్చి ఊదితే ఊదినవాడిది. అంటే చివరి చెయ్యి ఎవరిదో వాడు కట్టాలి. బుద్ధి తెలిసినవాడి చేతికి నిప్పిచ్చి పంపితే కూడా అంతే, తీసుకుపోయినవాడే కట్టాలి. ఇక్కడిదాకా చదివి నేను పుస్తకం మూసేశాను. మన తమ్ముడి కేసు ఓడిపోయింది అనుకున్నాను.

కానీ ఆ మాటకు ముందే ఇంకో మాట ఉంది. చిన్నపిల్లవాడి చేతనో, మతి స్థిమితం లేనివాడి చేతనో నిప్పు పంపితే, పంపినవాడు మనుషుల న్యాయస్థానంలో తప్పించుకుంటాడు గాని పరలోకపు న్యాయం ముందు తప్పించుకోలేడు. రబ్బీలు చెప్పింది బుద్ధి తెలియనివారి గురించి. మన తమ్ముడికి బుద్ధి ఉంది, లేనిది వేరే దారి. కాదంటే రేపటి నుంచి పని లేదు. అతన్ని ఆ వరుసలో చేర్చడం నా సొంత ఆలోచన, రబ్బీలది కాదు. ఒప్పుకుంటున్నాను.

ఇప్పుడు మన దేశపు చట్టం. 1981 వాయు కాలుష్య చట్టం 19వ సెక్షన్, వంట చెరకు లాంటి ఇంధనం కాని ఏ వస్తువునైనా కాల్చకుండా నిషేధించే అధికారం రాష్ట్ర ప్రభుత్వాలకు ఇచ్చింది. అసలు స్పష్టత వచ్చింది 2016 ఏప్రిల్ 8న వెలువడిన ఘన వ్యర్థాల నిర్వహణ నియమాలతో. చెత్తను వీధుల్లో, బహిరంగ స్థలాల్లో కాల్చకూడదని వాటిలో రాశారు. తోట చెత్తను విడిగా తన ఆవరణలోనే ఉంచుకొని మునిసిపాలిటీ చెప్పినట్టు వదిలించుకోవాల్సింది చెత్త పుట్టించేవాడని ఆ 2016 నియమాలు చెప్పాయి. ఆ మాట కిందికి ఇళ్లూ సంస్థలూ అన్నీ వచ్చేవి. ఐదు వేల చదరపు మీటర్లు దాటిన గేటెడ్ కమ్యూనిటీలు కుళ్లే చెత్తను వీలైనంత వరకు తమ ఆవరణలోనే ఎరువుగానో గ్యాసుగానో మార్చుకోవాల్సి ఉండేది. వీధులూడ్చే కార్మికులు ఆకులు కాల్చకుండా, వాటిని విడిగా అప్పగించేలా ఆదేశించే బాధ్యతను స్థానిక సంస్థకు ఇచ్చాయి. అదే ఏడాది డిసెంబర్ 22న జాతీయ హరిత ట్రిబ్యునల్ వెల కూడా కట్టింది: మామూలుగా కాలిస్తే 5,000, పెద్ద మొత్తంలో కాలిస్తే 25,000 రూపాయలు. వ్యక్తి కానీ సంస్థ కానీ, ఎవరు కాల్చినా.

చూశారా, నియమం ఆవరణ వైపు చూసింది. ఫోటోలో పడేది మాత్రం అగ్గిపుల్ల పట్టుకున్న చెయ్యి.

అసలు ఈ ఆకు చెత్త ఎప్పుడైంది? అక్కడికి పోదాం, ఎందుకంటే నాకు ఎక్కువ బాధ కలిగించేది అదే. 1998 నవంబర్ 22న ప్రధాని వాజ్‌పేయి మాదాపూర్‌లో సైబర్ టవర్స్ ప్రారంభించారు. 2001లో సైబరాబాద్ అభివృద్ధి సంస్థ వచ్చింది. 2007లో శేరిలింగంపల్లి మునిసిపాలిటీ జీహెచ్‌ఎంసీలో కలిసింది. అంతకుముందు అవి రాళ్ల గుట్టల మధ్య ఊళ్లు. కంచ గచ్చిబౌలి అనే పేరులోని కంచ అంటే పశువుల మేత బీడు. మేత ఉందంటే పశువులున్నట్టు, పశువులున్న ఊరికి పెంట ఉన్నట్టు. రాలిన ఆకులలం ఊడ్చి పెంటకుప్పలో వేస్తే వానాకాలానికి పొలానికి పోయేది. చితుకులు పొయ్యిలోకి. భోగినాడు తప్ప పనిగట్టుకొని ఆకు కాల్చే ఇల్లు మా ఊళ్లో నేనెరుగను. కానుగ అయితే మరీ, కొమ్మలు నరికి బండ్ల మీద తోలుకొచ్చి వరి మళ్లలో వేసి తొక్కించేవారు, పచ్చిరొట్ట ఎరువు అని. ఆ కానుగనే ఇప్పుడు పట్నం రోడ్ల పొడవునా నీడ కోసం నాటారు. చెట్టు అదే. కింద పొలం లేదు, పశువు లేదు, సిమెంటు ఉంది. అందుకే ఫిబ్రవరిలో రాలిన ఆకు చెత్త అయిపోయింది.

ఆ పొగ అంతగా ఎందుకు కమ్ముకుందో కూడా అడిగి తెలుసుకున్నాను. ఎండిన కంప భగ్గున మండుతుంది, గాలి ఆడుతుంది కాబట్టి పొగ తక్కువ. ఊడ్చిన ఆకు మంచుకు తడిసి ఉంటుంది, మట్టి ఉంటుంది, పాల కవర్లు, గుట్కా పొట్లాలు కలిసి ఉంటాయి. అది మండదు, గంటల తరబడి కుములుతుంది. కుమిలే మంటలోనే సన్నని ధూళి, కార్బన్ మోనాక్సైడ్ ఎక్కువ. పీఎం 2.5 అని వార్తల్లో చెప్పే కణం మైక్రాన్లలో రెండున్నర, మన తల వెంట్రుక మందంలో ఇరవయ్యో వంతు కన్నా కాస్త అటూఇటూ. ముక్కు దాన్ని ఆపలేదు. పైగా చలికాలపు తెల్లవారుజామున నేల దగ్గరి గాలి చల్లగా, పైది వెచ్చగా ఉంటుంది. పొగ పైకి లేవదు, మూత పెట్టినట్టు నిలుస్తుంది. మనవాళ్లు పనికి బయల్దేరే సమయం అదే. 2019లో మొదలైన జాతీయ స్వచ్ఛ వాయు కార్యక్రమంలో గాలి ప్రమాణాలు అందుకోని నగరాల జాబితాలో హైదరాబాదు ఉంది.

ఏం చేయాలో కొత్తగా కనిపెట్టాల్సిన పని లేదు. ఆల్బర్ట్ హోవర్డ్ అనే ఆంగ్లేయ శాస్త్రవేత్త ఇండోర్‌లో ఏళ్ల తరబడి ఆకు, గడ్డి, పేడ కలిపి ఎరువు చేసే పద్ధతిని పరీక్షించి, 1931లో యశ్వంత్ వాడ్‌తో కలిసి పుస్తకం రాశాడు. ఇక్కడి రైతులను తన గురువులని చెప్పుకున్న మనిషి. ఎండాకు ఒక వరుస, పేడ ఒక వరుస, పిడికెడు మట్టి, తడి, మధ్యమధ్య తిరగేయడం. మూడు నెలలు చాలు. ఒట్టి ఎండాకే వేస్తే కుళ్లదు, అందులో నత్రజని తక్కువ, పేడో వంటింటి తొక్కలో కలపాలి. మన అవ్వలకు ఈ సంగతి పుస్తకం లేకుండానే తెలుసు.

మార్చిలో మళ్లీ వెళ్లి ఆ అపార్ట్‌మెంట్ సెక్రటరీగారిని కలిశాను. మర్యాదగానే మాట్లాడారు. 2016 నియమాల కాగితం ఇచ్చాను. డబ్బు సంగతి కాంట్రాక్టర్‌ని అడగమన్నారు, కాంట్రాక్టర్ సూపర్‌వైజర్‌ని అడగమన్నాడు. ఐదు వేలు ఇప్పటికీ రాలేదు. గోడ మూల మాత్రం ఇచ్చారు, జాలీతో నాలుగు అడుగుల గూడు కట్టుకోమని. జూన్‌లో తమ్ముడు ఫోన్ చేసి, కుప్ప మధ్యలో చెయ్యి పెడితే కాలుతోంది, పాడైందేమో అని భయపడ్డాడు. పాడవలేదు, పని చేస్తోంది అని చెప్పాను.

తమ్ముడూ, నీ ప్రశ్నకు నా జవాబు ఇది. మంట ముట్టించింది నీ చెయ్యి, అది కాదనను. కట్టాల్సింది మాత్రం నిన్ను పంపినవాళ్లు.

ఈ మాట రాసి ఇంటికి వెళ్తుంటే మన మందిరం వెనక పొగ లేస్తోంది. శనివారం గదా. ఆవరణలో వేపాకు ఊడ్చి కాల్చేది మన పెద్దవ్వ. ఆదివారానికి శుభ్రంగా ఉండాలని ఆమెకు చెప్పింది నేను, ఎన్నో ఏళ్లుగా. ఆమె దగ్గు మీకందరికీ తెలుసు, ఆరాధన మధ్యలో వినబడుతూనే ఉంటుంది. నీళ్లు పోసి ఆర్పాను. "ఏమైందయ్యగారూ?" అని అడిగింది. చెప్పడం చేతకాక పార అడిగాను.

మందిరం వెనక గుంత తవ్వడం మొదలుపెట్టాను. అడుగున్నర లోతుకే రాయి తగిలింది. ఈ ఆదివారం ఎవరైనా గడ్డపార తెండి.