ఓడలెక్కి వచ్చిన విస్తరి

మన ఖమ్మము జిల్లా కారేపల్లి ప్రాంతపు అడవి అంచున పుట్టి పెరిగినవానికి తిండి ఎచ్చటి నుండి వచ్చునన్న ప్రశ్నయే తోచదు; వేసవిలో ఇప్పపువ్వు రాలును, తునికిపండ్లు పండును, తొలకరి పడినంతనే బోడకాకర తీగ సాగును, ఏ దుంపను ఏ నెలలో త్రవ్వవలెనో కోయగూడెములలోని వృద్ధులకు కంఠస్థము. నేనిప్పుడు నివసించుచున్న మారిషసు ద్వీపమున ఇట్టి వృద్ధులుండుటకు వీలు లేదు, ఏలయనగా ఇచ్చట ఆదివాసులే లేరు. మడగాస్కరునకు తూర్పుగా సముద్రమధ్యమున నున్న ఈ దీవిలో పూర్వముండినవి పక్షులును, తాబేళ్ళును, మన తునికిచెట్టునకు జ్ఞాతియగు నల్లమాను అడవులును మాత్రమే. కావున ఇచ్చటి విస్తరిలోని పదార్థమెల్ల ఏదో యొక ఓడ దిగి వచ్చినదే. ఆ ఓడల వరుస నెరిగినచో దేశచరిత్ర నెరిగినట్లే.

1598లో దిగిన డచ్చివారు తమ పాలకుడగు మారిస్ పేరు దీవికి పెట్టిరి, నల్లమానును నరికిరి, 1639లో జావా నుండి చెరకును జింకలను తెచ్చిరి, 1710లో విడిచిపోయిరి. ఎగురజాలని డోడోపక్షి వారి చేతను, వారి వెంట వచ్చిన పందులు, ఎలుకల చేతను నూరేండ్లలోపుననే నశించినది. జింకమాంసపు కూర మాత్రము నేటికిని విందులలో కనబడుచున్నది. పిమ్మట 1715లో వచ్చిన ఫ్రెంచివారు మడగాస్కరు, మొజాంబికు తీరముల నుండి బానిసలను తెచ్చిరి. వారి కడుపు చౌకలో నింపుటకై గవర్నరు లబూర్దొనే కర్రపెండలమును నాటించెను. అదే శతాబ్దమున పియేర్ పువావ్రు అను ఫ్రెంచి దొర పాంప్లెమూస్ తోటలో జాజికాయ, లవంగముల మొక్కలను పెంచెను. ఒక దొరకు సుగంధద్రవ్యముల కీర్తి దక్కినది, బానిసకు పెండలపు దుంప దక్కినది. చరిత్రకారులు మొదటిదానినే విస్తరించి వ్రాయుదురు.

1810లో దీవి ఆంగ్లేయుల వశమైనది. 1825లో ఇచ్చటి చక్కెరపై అధిక సుంకము తొలగుటతో చెరకు దీవినెల్ల ఆక్రమించినది. 1835లో బానిసత్వము రద్దగుచున్నదని ముందే ఎరిగిన తోటల యజమానులు ఒప్పందపు కూలీలకై మన దేశమువైపు చూచిరి. 1834 నవంబరు 2న 'అట్లాస్' ఓడలో వచ్చిన మొదటి 36 మందియు ఛోటానాగపూరు కొండజాతివారు, అనగా మన కోయల వంటి అడవిబిడ్డలే. నెలకు ఐదు రూపాయల జీతము, దానితోపాటు బియ్యము, పప్పు, ఉప్పు. వారి వెనుక బీహారీలు, తమిళులు, కోరంగి రేవున ఓడ నెక్కిన తెలుగువారు వచ్చిరి. పోర్టు లూయీ రేవులోని పదునారు మెట్లు ఎక్కి దేశమున అడుగిడినవారు సుమారు అయిదు లక్షలు.

ఆ కూలిబత్తెపు పప్పు నుండియే నేటి ధోల్‌పూరి యను రొట్టె పుట్టినది. శనగపప్పును మెత్తగా నుడికింపరాదు, వ్రేళ్ళ నడుమ నలిపిన పొడియగు పాకమున దింపి, నీరు వార్చి, వేయించిన జీలకర్రతో పొడిచేయుదురు. వార్చిన పసుపునీటితోనే పిండి కలిపి, ఆ పొడిని కూరి, ఆవలి వెలుగు కనబడునంత పలుచగా వత్తి పెనముపై కాల్చుదురు. మన భక్ష్యమునకు బెల్లము లేని తోబుట్టువనవచ్చును. వీధిలో గాజుపెట్టె నుండి రెండేసి తీసి, చిక్కుడుగింజల కూరయు, రుగాయి యను టొమాటో కూరయు, మిరపపచ్చడియు పూసి కాగితమున చుట్టి ఇచ్చినచో ఫ్రెంచి వంశీయుడు, చీనా వర్తకుడు, బానిసల సంతతియగు క్రియోలు పడవవాడు, మహమ్మదీయుడు ఒకే వరుసలో నిలిచి తినుచుందురు. ప్రాతఃకాలమున మన మసాలా వడనే వెన్న రాసిన ఫ్రెంచి రొట్టెలో నిరికించి తినుట మరియొక వింత. నాకు మొదట రోత కలిగినది, ఇప్పుడు లేనిదే తోచదు.

తెలుగువారు భాషను చాలవరకు పోగొట్టుకొనినను ఉగాదిని పోగొట్టుకొనలేదు; అది ఇచ్చట ప్రభుత్వపు సెలవుదినము. పెండ్లిండ్లలో అరటియాకుపై ఏడు కూరలు వడ్డింతురు. ఇవి కలగూర సంప్రదాయములని మనవారు నవ్వినచో, ఖమ్మము మార్కెట్టు యార్డున రాశులు పోయు మిరపయు అమెరికా నుండి పోర్చుగీసు ఓడలలో వచ్చినదేనని జ్ఞాపకము చేయవలసియున్నది.

ఇంతటి రుచుల దేశమునకు ఒక లోటు తీరలేదు. 1942లో జపాను బర్మాను ఆక్రమింపగనే అచ్చటి బియ్యము ఆగిపోయి దీవి ఆకటి పాలైనది; చెరకుతోటలలో కొంత మేర మొక్కజొన్న, పెండలము నాటవలెనని ప్రభుత్వమాజ్ఞాపించినది, బానిసల తిండి అందరి తిండియైనది. యుద్ధము ముగిసినది, 1968లో స్వాతంత్ర్యము వచ్చినది, చెరకు మరల నేల నాక్రమించినది. మారిషసు ప్రజలు తిను బియ్యము నేటికిని దాదాపు అంతయు పరదేశముల నుండి ఓడలపైననే దిగుచున్నది.