ఇంటి దగ్గరే ఇంక్యుబేటర్‌లో నాటుకోడి పిల్లలు: ఎండల్లో, కరెంటు కోతల్లో జాగ్రత్తలు

నాటుకోడి పెట్ట ఒక విడతలో 10 నుంచి 15 గుడ్లు పెట్టి పొదుగుకు కూర్చుంటుంది. 21 రోజులు గుడ్ల మీద ఉంటుంది. తర్వాత నెలన్నర, రెండు నెలలు పిల్లల వెంట తిరుగుతుంది. అంటే దాదాపు మూడు నెలలు ఆ పెట్ట నుంచి మళ్లీ గుడ్డు రాదు. పొదిగే పని యంత్రానికి అప్పగిస్తే పెట్ట రెండు మూడు వారాల్లో తిరిగి గుడ్లకు వస్తుంది. చిన్న రైతుకు ఇంక్యుబేటర్‌తో అసలు లాభం ఇదే. మీ దగ్గర రెండు మూడు పెట్టలే ఉంటే మాత్రం యంత్రం కొనకండి, గంపలో కూర్చున్న పెట్టే మేలు. పది పదిహేను పెట్టలు ఉన్నవారికే ఇది కలిసొస్తుంది.

గుడ్ల ఎంపిక

8-10 పెట్టలకు ఒక పుంజు ఉండాలి. పుంజును కొత్తగా మందలో వదిలితే పది రోజులు ఆగి ఆ తర్వాత పెట్టిన గుడ్లనే తీసుకోండి. మరీ చిన్నవి, మరీ పెద్దవి, పెంకు చిట్లినవి, వంకర ఉన్నవి వద్దు. గుడ్లను కడగకండి. కడిగితే పెంకు మీది సహజమైన పూత పోయి లోపలికి క్రిములు చేరతాయి. రెట్ట బాగా అంటిన గుడ్డును కూరకు వాడుకోండి.

వనరాజా, గ్రామప్రియ కోళ్లు పెంచేవారు ఒక విషయం గుర్తుంచుకోవాలి. ఇవి సంకర కోళ్లు. వాటి గుడ్లను మీరు పొదిగిస్తే పిల్లలు వస్తాయి కానీ, తల్లికి ఉన్న గుడ్ల దిగుబడి, ఎదుగుదల వాటికి రావు. ఈ రకాలు కావాలంటే ప్రతిసారీ కొత్త పిల్లలనే తెచ్చుకోవాలి. యంత్రంలో నాటు గుడ్లు పెట్టుకోండి.

గుడ్లను సన్న కొన కిందికి ఉండేలా నిలబెట్టి చల్లని చోట దాచండి. వారం దాటితే పిల్ల శాతం తగ్గుతుంది. ఏప్రిల్, మే నెలల్లో ఇంట్లోనే 35 డిగ్రీలు ఉంటుంది కాబట్టి మూడు నాలుగు రోజులకు మించి ఉంచకండి. ఆ వేడికి పిండం సగం సగంగా పెరగడం మొదలై యంత్రంలోకి వెళ్లేలోపే చచ్చిపోతుంది. తడి ఇసుకలో కూర్చోబెట్టిన మట్టికుండలో దాస్తే కొంత నయం. ఫ్రిజ్‌లో పెట్టిన గుడ్లను పొదిగించవద్దు.

వేడి, తేమ

ఫ్యాను ఉన్న యంత్రంలో 37.5 నుంచి 37.7 డిగ్రీల సెల్సియస్ ఉండాలి. ఫ్యాను లేని బల్బు పెట్టెలో అయితే గుడ్ల పైభాగం ఎత్తులో థర్మామీటర్ ఉంచి 38.5 దాకా చూసుకోవాలి. తక్కువ ధర యంత్రాల్లో తెర మీద కనిపించే అంకెను గుడ్డిగా నమ్మకండి. జ్వరం చూసే థర్మామీటర్‌ను లోపల ఉంచి పోల్చండి. అర డిగ్రీ తేడా ఉన్నా ఫలితం మారుతుంది. గుడ్లు పెట్టే ముందు ఒక రోజంతా యంత్రాన్ని ఖాళీగా నడిపి చూడాలి.

తేమ మొదటి 18 రోజులు 50-55 శాతం, చివరి మూడు రోజులు 65-70 శాతం ఉండాలి. కోస్తాలో వానాకాలం అయితే మొదటి 18 రోజులు ట్రేలో నీళ్లు దాదాపు అక్కర్లేదు. తెలంగాణ, రాయలసీమ ఎండల్లో రోజుకు రెండుసార్లు నింపాల్సి వస్తుంది. తేమ మీటరు మీద నమ్మకం లేకపోతే తూకం చూడండి. పది గుడ్లు పెట్టేరోజు 450 గ్రాములుంటే 18వ రోజుకు 390-400 గ్రాములకు రావాలి. అంతకంటే ఎక్కువ బరువుంటే తేమ ఎక్కువైందని, తక్కువుంటే గుడ్లు ఎండిపోతున్నాయని అర్థం.

గుడ్లను రోజుకు కనీసం మూడు, వీలైతే ఐదు సార్లు తిప్పాలి. లేకపోతే పిండం పెంకు పొరకు అంటుకుపోతుంది. చేత్తో తిప్పేవారు పెన్సిల్‌తో ఒక వైపు గుణకారం గుర్తు, రెండో వైపు సున్నా వేసుకోండి. 18వ రోజు నుంచి తిప్పడం ఆపాలి.

ఏడో రోజు రాత్రి చీకట్లో సెల్‌ఫోన్ టార్చి మీద గుడ్డును పెట్టి చూడండి. సాలెగూడులా రక్తనాళాలు కనిపిస్తే పిల్ల ఉంది. ఏమీ లేకుండా తేటగా ఉంటే, లేదా రక్తపు వలయం మాత్రమే కనిపిస్తే తీసేయండి. కుళ్లిన గుడ్డు లోపల పగిలితే మిగతావన్నీ పాడవుతాయి.

కరెంటు పోతే

మొదటి వారాల్లో రెండు మూడు గంటలు కరెంటు లేకపోయినా కంగారు పడకండి. మూత తీయకుండా, గాలి రంధ్రాలు మూసుకుపోకుండా పైన దుప్పటి కప్పితే చాలు. కొంచెం చల్లబడితే పిండం ఓర్చుకుంటుంది, పొదిగే పెట్ట కూడా మేతకు లేచి వెళ్తుంది కదా. ప్రమాదమంతా అధిక వేడితోనే. 40 డిగ్రీలు దాటి కాసేపు ఉంటే పిల్లలు లోపలే చచ్చిపోతాయి. చివరి వారంలో గుడ్లు సొంతంగా వేడి పుట్టిస్తాయి కాబట్టి ఫ్యాను ఆగినప్పుడు దుప్పటి కప్పకండి, గాలి ఆడనివ్వండి.

చాలామంది మరిచిపోయేది ఇంకొకటుంది. చిన్న ఇంక్యుబేటర్ వేడి చేయగలదు కానీ చల్లబరచలేదు. రేకుల షెడ్డులో 42 డిగ్రీలుంటే లోపల కూడా అంతకు తగ్గదు. ఇంట్లో అన్నిటికంటే చల్లని గదిలో పెట్టండి. అలాంటి గది లేనివారు మే నెలలో యంత్రం నడపకపోవడమే మంచిది.

పిల్లలు దిగేటప్పుడు

20వ రోజు పెంకుకు చిన్న రంధ్రం పడుతుంది. అక్కడి నుంచి పిల్ల బయటికి రావడానికి 12 నుంచి 24 గంటలు పట్టవచ్చు. జాలిపడి పెంకు ఒలిచారంటే రక్తం కారి పిల్ల పోతుంది. మూత తెరిచినా తేమ పడిపోయి, మిగతా గుడ్లలో పొర ఎండి పిల్లలు చిక్కుకుంటాయి. పొట్టలో ఇంకా పచ్చసొన ఉంటుంది కాబట్టి మొదట దిగిన పిల్ల ఒక రోజు మేత లేకపోయినా ఉంటుంది. బొచ్చు ఆరాకే బయటికి తీయండి.

దిగని గుడ్లను పారేసే ముందు పగలగొట్టి చూడండి. తేటగా ఉంటే పుంజు లోపమో, పాత గుడ్డో. పిల్ల పూర్తిగా తయారై చనిపోతే చివరి మూడు రోజుల తేమ, గాలి సరిపోలేదు. అన్నీ 19వ రోజే దిగితే వేడి ఎక్కువ, 22 దాటితే తక్కువ. ఇవి ఒక నోటుబుక్కులో రాసుకుంటే తర్వాతి విడతలో ఏది సరిచేయాలో తెలుస్తుంది.

పిల్లలను వరి ఊక పరిచిన బ్రూడర్‌లోకి మార్చి మొదటి వారం 35 డిగ్రీల వేడి ఇవ్వండి. తర్వాత వారానికి సుమారు 3 డిగ్రీలు తగ్గించుకుంటూ రావాలి. అన్నీ బల్బు కింద కుప్పపడితే చలి, దూరంగా వెళ్లి నోరు తెరిస్తే వేడి ఎక్కువ. అదే సమయానికి పొదిగిన పెట్ట ఒకటి ఉంటే రాత్రి పూట మెల్లగా దాని రెక్కల కిందికి కొన్ని పిల్లలను తోయండి, చాలా పెట్టలు కాదనవు. 5-7 రోజుల మధ్య కొక్కెర వ్యాధికి లసోటా టీకా చుక్క కంట్లో గానీ ముక్కులో గానీ వేయించాలి. సీసా తెరిచాక ఆ పూటే వాడేయాలి కాబట్టి, ఊళ్లో మరో ఇద్దరు ముగ్గురు పెంపకందారులతో కలిసి పశువైద్యశాలలో ముందే అడిగి ఉంచుకోండి.