సేవాసదనమే దేవాలయము: ఘట్‌కేసర్ ఆడపడుచు సంగం లక్ష్మీబాయి



జీర్ణోద్ధరణ యనగా శిథిలమైన గోడను తొలగించి క్రొత్త రాయి నిలుపుట మాత్రమే కాదు. ఆగమ విధి ననుసరించి మూలబింబమునందలి కళలను కలశజలమునందు ఆవాహన చేసి, బాలాలయమున నిత్యపూజలు జరిపి, పనులు ముగిసిన పిమ్మట ఆ కళలను తిరిగి మూలస్థానమునకు చేర్చుదుము. కట్టడము మారినను శక్తి తప్పిపోరాదన్నదే ఈ క్రియకు అంతరార్థము. ఒక ప్రాంతపు చరిత్రకును ఇదే న్యాయము వర్తించును. ఊళ్లు మారును, దారులు మారును. పూర్వుల పుణ్యకార్యముల స్మృతిని మాత్రము తరువాతి తరమునకు చేర్చవలసియున్నది.

మన మేడ్చల్, శామీర్‌పేట, కీసర, ఘట్‌కేసర్ ప్రాంతములు నిజాము ఏలుబడిలో అత్రాఫ్-ఎ-బల్దా జిల్లాలోనివి. 1978లో ఇవి రంగారెడ్డి జిల్లాలో చేరినవి. 2016 అక్టోబరు 11న మేడ్చల్-మల్కాజిగిరి జిల్లా ఏర్పడినది. కీసరగుట్టపై జరిగిన త్రవ్వకములలో విష్ణుకుండినుల కాలపు ఇటుక కట్టడములు బయల్పడినవి. ఇంతటి ప్రాచీనమైన నేలపై దేవతల మహిమను, రాజుల చరిత్రను చెప్పువారు పలువురు గలరు. ఈ నేలపై పుట్టి, వేలమందికి నీడనిచ్చు కార్యములకు పూనుకొన్న ఒక స్త్రీమూర్తిని తలచువారు మాత్రము అరుదు. ఆమెయే శ్రీమతి సంగం లక్ష్మీబాయి గారు.

లక్ష్మీబాయి గారు 1911 జూలై 27న ఘట్‌కేసర్‌లో జన్మించిరి. నాటి హైదరాబాదు రాజ్యమున విద్యాబోధన ఉర్దూలో సాగుచుండెను. తెలుగు బాలికకు తన భాషలో చదువుకొను అవకాశము బహు స్వల్పము. 1928లో మాడపాటి హనుమంతరావు పంతులు గారి పూనికతో నారాయణగూడలో తెలుగు బాలికల పాఠశాల వెలసినప్పుడు, దానికి ప్రభుత్వపు గుర్తింపు దొరకక, పూనా నగరమునందలి కార్వే పండితుని మహిళా విశ్వవిద్యాలయముతో అనుబంధము పొందవలసి వచ్చినది. తెలుగు ఆడపిల్ల తెలుగులో చదువుటకు మరాఠీ దేశపు సంస్థ అండ కావలసి వచ్చిన కాలమది.

అట్టి రోజులలో ఘట్‌కేసర్ బాలిక కృష్ణానది దాటి గుంటూరు చేరి, ఉన్నవ లక్ష్మీనారాయణ, లక్ష్మీబాయమ్మ దంపతులు నెలకొల్పిన శారదానికేతనమున విద్య నభ్యసించిరి. కార్వే విశ్వవిద్యాలయమునను, మద్రాసు ఆర్ట్స్ కాలేజీలోను చదువు కొనసాగించిరి. రైలు ప్రయాణమే వింతయైన దినములలో ఒక ఆడపిల్ల చదువు కొరకు ఒక రాజ్యమునుండి వేరొక రాజ్యమునకు పోవుట ఎంత సాహసమో పెద్దలు ఊహింపగలరు.

చదువుతోపాటు దేశభక్తియు ఆమెకు అక్కడనే అలవడినది. విద్యార్థిని దశలోనే సైమన్ కమిషన్ బహిష్కరణలో పాల్గొనిరి. 1930లో గాంధీ మహాత్ముడు ఉప్పు సత్యాగ్రహమునకు పిలుపునీయగా అందు దూకి, ఒక సంవత్సరము కారాగారవాసము అనుభవించిరి. 1930 నాటికి ఆమె వయస్సు ఇరువదేండ్ల లోపే. ఆ అనుభవములను తరువాతి కాలమున ‘నా జైలు జ్ఞాపకాలు - అనుభవాలు’ అను గ్రంథముగా రచించిరి. తెలంగాణ స్త్రీల ఆత్మకథలలో ఈ పుస్తకమునకు ప్రత్యేక స్థానము గలదు.

హైదరాబాదు నగరమున స్త్రీల చైతన్యమునకై ఏర్పడిన ఆంధ్ర యువతీ మండలికి ఆమె వ్యవస్థాపక సభ్యురాలు. 1951 ఏప్రిల్‌లో ఆచార్య వినోబా భావే శివరాంపల్లి సర్వోదయ సమ్మేళనము ముగించుకొని తెలంగాణ పల్లెలలో కాలినడకన సంచరించిరి. ఏప్రిల్ 18న పోచంపల్లిలో హరిజన కుటుంబములు 80 ఎకరముల భూమి కోరగా, వెదిరె రామచంద్రారెడ్డి గారు 100 ఎకరములు దానమిచ్చిరి. భూదానోద్యమమునకు అదియే నాంది. ఆ తొలి పాదయాత్ర నిర్వహణ బాధ్యతలు వహించిన వారిలో మన లక్ష్మీబాయి గారు ఒకరు.

1952లో బాన్సువాడ నుండి హైదరాబాదు రాష్ట్ర శాసనసభకు ఎన్నికైరి. బూర్గుల రామకృష్ణారావు గారి ప్రభుత్వమున 1954 నుండి 1956 వరకు విద్యాశాఖ ఉపమంత్రిగా పనిచేసిరి. తన బాల్యమున ఏ రాజ్యమునందు తెలుగు బాలికకు చదువు దుర్లభమయ్యెనో, ఆ రాజ్యపు రాజధానిలోనే విద్యాశాఖలో పదవి నిర్వహించుట దైవసంకల్పము గాక మరేమి? 1957, 1962, 1967 సంవత్సరములలో వరుసగా మూడు పర్యాయములు లోక్‌సభకు ఎన్నికైరి. కడపటి పర్యాయము మెదక్ నుండి.

పదవులు వచ్చును, పోవును. పదవి తొలగిన పిమ్మట మిగులునది ఏది? లక్ష్మీబాయి గారికి మిగిలినవి ఆమె నెలకొల్పిన సంస్థలు. అనాథలకు ఆశ్రయమిచ్చు ఇందిరా సేవాసదనము, రాధికా ప్రసూతి గృహము, వాసు శిశువిహారము, మాసెట్టి హనుమంతు గుప్త ఉన్నత పాఠశాల ఆమె కృషి ఫలములు. ఈ సంస్థలను ఒక వరుసలో నిలిపి చూచిన వైదికునకు ఒక విశేషము తోచును. మన శాస్త్రములు మానవునకు షోడశ సంస్కారములు విధించినవి. బిడ్డ పుట్టగానే జాతకర్మ, ఆరవ మాసమున అన్నప్రాశనము, ఆపై అక్షరాభ్యాసము. తల్లిదండ్రులున్న బిడ్డకు ఇవి ఇంటనే జరుగును. ఎవ్వరును లేని బిడ్డకు ఎవరు జరుపుదురు? పుట్టుటకు ప్రసూతి గృహము, పెరుగుటకు శిశువిహారము, అక్షరములకు పాఠశాల, ఇల్లు లేనివారికి సదనము అమర్చిన ఆ తల్లి, తెలిసియో తెలియకయో, అట్టి బిడ్డల పక్షమున ఈ సంస్కారములన్నింటికి ఏర్పాటు గావించినదని నా భావన. గృహస్థధర్మమును నాలుగు గోడలు దాటించి లోకమునకు విస్తరింపజేయుట యనగా ఇదియే.

దేవాలయ సంచికలో రాజకీయములందున్న స్త్రీ ప్రసక్తి ఎందులకని కొందరికి సంశయము కలుగవచ్చును. ధర్మశాస్త్రములు పుణ్యకర్మలను ఇష్టమనియు, పూర్తమనియు రెండు విధములుగా విభజించినవి. యజ్ఞయాగాదులు ఇష్టము. చెరువులు, బావులు త్రవ్వించుట, తోటలు వేయించుట, ఆలయములు కట్టించుట, అన్నదానము, అనాథ రక్షణము పూర్తము. ఇష్టమునకు అధికార నియమములు అనేకము గలవు. పూర్తమునకు స్త్రీలతో సహా సర్వులును అధికారులే. కాకతీయ గణపతిదేవ చక్రవర్తి సోదరి మైలాంబ బయ్యారము చెరువు త్రవ్వించి శాసనము వేయించినది. గోదావరి సీమలో లంకల గన్నవరపు ఇల్లాలు డొక్కా సీతమ్మ గారు (1841-1909) వేళ కాని వేళ వచ్చిన అతిథికిని అన్నము పెట్టి అన్నపూర్ణగా పేరొందినది. ఇక విద్య మాట యందురా, బృహదారణ్యకోపనిషత్తున జనకుని సభలో యాజ్ఞవల్క్య మహర్షిని నిలిపి ప్రశ్నించిన గార్గి స్త్రీయే గదా! లక్ష్మీబాయి గారు నడచిన బాట క్రొత్తది కాదు. మనము మరచిన పాత బాట.

ఆమె 1979లో పరమపదించిరి. నేడు సైదాబాదు, సంతోష్‌నగర్ నడుమ ఐ.ఎస్. సదన్ చౌరస్తా గలదు. నిత్యము వేలాదిమంది ఆ పేరు పలుకుచు బస్సులెక్కి దిగుచుందురు. ఆ రెండక్షరములు ఇందిరా సేవాసదనమునకు గుర్తులని ఎరిగినవారు కొందరే. ఇందిర యనునది లక్ష్మీదేవి నామములలో ఒకటి. సదనము పేరు ఊరివారి నాలుకపై నిలిచినది. దానిని నిలిపిన తల్లి పేరు మాత్రము మరుగున పడినది.

ఈ సందర్భమున దాతలకు ఒక మనవి. పూజలో సంకల్పము చెప్పునప్పుడు యజమానిని ‘ధర్మపత్నీ సమేతస్య’ అని చెప్పించుదుము. పత్ని లేనిదే యజ్ఞము లేదు. సీతాదేవి చెంత లేనందున శ్రీరామచంద్రుడు అశ్వమేధమునకు బంగారు సీతను ప్రక్కన నిలుపుకొనవలసి వచ్చినది. అయినను దాతల శిలాఫలకముపై పెక్కుచోట్ల ‘సతీసమేతముగా’ అని వ్రాయించి ఊరకుందుము. ఆ సతి పేరేమో రాయికి తెలియదు. ముడుపు కట్టినది ఆమె, ఉపవాసమున్నది ఆమె, ఇంటి ఖర్చు తగ్గించి విరాళము కూడబెట్టినది ఆమె. కావున ఫలకముపై మీ ధర్మపత్ని పేరును, మీ తల్లి పేరును పూర్తిగా చెక్కించుడు. మీ ఊరిలో బావి త్రవ్వించిన అవ్వ, పురుళ్లు పోసిన మంత్రసాని, పదిమంది బిడ్డలకు అక్షరములు నేర్పిన పంతులమ్మ ఉన్నయెడల, వారి చరిత్రను ఎరిగిన పెద్దలు జీవించియుండగనే వ్రాసి ఉంచుడు.

కుంభాభిషేక జలము గోపుర శిఖరముపై పడి క్రిందికి జారి, కట్టినవారిని, మోసినవారిని, చూచినవారిని సమానముగా తడుపును. స్వామివారి అనుగ్రహము ఈ ప్రాంతపు మాతృమూర్తులందరిపై అట్లే ప్రసరించుగాక. సంగం లక్ష్మీబాయి గారి వంటి బిడ్డలు ఈ నేలపై మరల మరల జన్మింతురుగాక.

శుభం భూయాత్.