దిద్దిన పట్టిక, దిద్దని చూపు

గాజు దిమ్మె, నాలుగు గుండుసూదులు, తెల్ల కాగితం, కోణమానిని. తెలుగు మాధ్యమంలో చదివినవారికి కాంతి వక్రీభవనం అనగానే గుర్తుకు వచ్చేవి ఇవే. ఆ ప్రయోగం చివర రావలసిన జవాబు విద్యార్థికి ముందే తెలుసు: గాజు వక్రీభవన గుణకం 1.5. కొలతలో 1.42 వచ్చినా, 1.6 వచ్చినా, రికార్డు పుస్తకంలోకి ఎక్కేది తరచుగా 1.5 మాత్రమే. ఈ దిద్దుబాటు బడిపిల్లలతో మొదలైనది కాదు. వక్రీభవనపు కొలతల చరిత్ర తొలి పుటల్లోనే అది కనిపిస్తుంది.

సామాన్య శకం రెండవ శతాబ్దంలో అలెగ్జాండ్రియాకు చెందిన టాలమీ, అంచు వెంట డిగ్రీలు గుర్తించిన గుండ్రని కంచు పలకను సగం వరకు నీటిలో నిలిపాడు. నీటి పైన అంచు మీద ఒక గురుతు, కేంద్రంలో మరొకటి ఉంచి, నీటి అడుగున ఉన్న మూడవ గురుతును ఆ రెండింటితో ఒకే వరుసలో కనబడేదాకా జరిపాడు. నేటి గుండుసూదుల పద్ధతికి ఇది పూర్వరూపం. అతని పట్టికలో పతన కోణం 10 డిగ్రీలైతే వక్రీభవన కోణం 8. ఆ పైన పదేసి డిగ్రీలకు వరుసగా 15.5, 22.5, 29, 35, 40.5, 45.5, చివరకు 80 డిగ్రీలకు 50.

ఈ అంకెల మధ్య తేడాలు గమనించదగినవి: 7.5, 7, 6.5, 6, 5.5, 5, 4.5. ప్రతి మెట్టులోనూ సరిగ్గా అర డిగ్రీ తగ్గుతుంది. కంటితో చూసి చేతితో కొలిచిన అంకెలు ఇంత క్రమశిక్షణ పాటించవు. టాలమీ కొంత కొలిచి, మిగిలినదాన్ని ఒక క్రమానికి సర్దాడని చరిత్రకారుల అభిప్రాయం. 60 డిగ్రీల వద్ద అతని విలువ నేటి లెక్కకు సరిపోతుంది. 80 డిగ్రీల వద్ద మాత్రం రావలసినది దాదాపు 47.5. విచిత్రమేమిటంటే, అసలు నియమానికి కావలసిన గణితం అతని చేతిలోనే ఉంది. నేటి సైన్ పట్టికతో సమానమైన జ్యాల పట్టికను అతడు తన ఖగోళ గ్రంథంలో స్వయంగా కూర్చాడు. అందంగా కుదిరిన తప్పుడు క్రమం ఇంకొక క్రమాన్ని వెదకే అవసరం లేకుండా చేసింది.

ఆ నియమానికి సమానమైన రేఖాగణిత నిర్మాణం 984 ప్రాంతంలో బాగ్దాదుకు చెందిన ఇబ్న్ సహ్ల్ రాతల్లో కనబడుతుంది. 1621లో డచ్చి గణితవేత్త స్నెల్ దాన్ని స్వతంత్రంగా కనుగొని, ప్రచురించకుండానే 1626లో మరణించాడు. 1637లో దేకార్త్ దాన్ని అచ్చులోకి తెచ్చాడు. టాలమీ నుంచి అక్కడికి దాదాపు పదిహేను శతాబ్దాలు.

అనుకోకుండా కనబడినదాన్ని పక్కకు నెట్టని చూపుకు ఉదాహరణ తెలుగు నేలకు దగ్గరలోనే ఉంది. తండ్రి విశాఖపట్నంలోని మిసెస్ ఏ.వి.ఎన్. కళాశాలలో ఉపన్యాసకుడు కావడంతో సి.వి.రామన్ బాల్యమూ తొలి చదువూ ఆ ఊళ్ళోనే సాగాయి. తరువాత మద్రాసు ప్రెసిడెన్సీ కళాశాలలో ఆయన స్పెక్ట్రోమీటరుతో పట్టక కోణాన్ని కొలుస్తున్నాడు. పట్టకపు రెండు ముఖాల నుంచి పరావర్తనం చెందిన ప్రతిబింబాలను దూరదర్శినిలో చూసి, వాటి మధ్య కోణంలో సగం తీసుకోవడం ఆ ప్రయోగ పద్ధతి. కాంతి బాగా ఏటవాలుగా పడినప్పుడు, పట్టకపు ముఖం సన్నని చీలికలా పనిచేసి, ప్రతిబింబానికి ఇరుపక్కలా వివర్తన పట్టీలు ఏర్పడ్డాయి. ఆ పట్టీలు రెండువైపులా సమానంగా లేవు.

పట్టక కోణం రాబట్టడానికి ఆ పట్టీలతో పనిలేదు. వాటిని విస్మరించినా మార్కులు తగ్గవు. రామన్ వాటినే కొలిచి, కారణం వివరించి, లండన్‌లోని ఫిలసాఫికల్ మ్యాగజీన్‌కు పంపాడు. 1906 నవంబరులో ఆ వ్యాసం అచ్చయింది. అప్పటికి ఆయన వయసు పద్దెనిమిదేళ్ళు. కాంతి పరిక్షేపణపై ఆయనకు నోబెల్ బహుమతి రావడానికి ఇంకా ఇరవైనాలుగేళ్ళు ఉంది.

నేడు మెల్‌బోర్న్ శివారు కేరమ్ డౌన్స్‌లో పెరిగే తెలుగు పిల్లల ముందు గుండుసూదులకు బదులు సన్నని కాంతిపుంజాన్ని పంపే దీపపు పెట్టె ఉండవచ్చు. పరికరం మారినా పరీక్ష పాతదే. దిమ్మె అంచు గీయడంలో పొరపాటు జరిగినా, కాంతిపుంజపు గీత మందంగా ఉన్నా జవాబు 1.42 రావచ్చు. దాన్ని అలాగే రాసి, పక్కన కారణం వెదికిన విద్యార్థి తన ప్రయోగం గురించి కొంత తెలుసుకుంటాడు. 1.5 అని దిద్దినవాడికి మిగిలేది పుస్తకంలో ముందే ఉన్న అంకె మాత్రమే.