నలభై రోజుల క్లాసు: తపస్సు కాలంలో పిల్లలకి పాఠం చెప్పిందెవరు?



ప్రతి ఏడాదీ విభూది బుధవారం రోజు ఆఫీసులోనో కాలేజీలోనో ఎవరో ఒకరు నుదుటి మీద బూడిద గుర్తుతో కనిపిస్తారు. అడిగితే "తపస్సు కాలం మొదలైంది" అంటారు. బయటనుంచి చూసేవాళ్ళకి తెలిసింది కొంచెమే. మాంసం మానేస్తారు, శుక్రవారం సిలువ మార్గం చేస్తారు, చివర్లో ఈస్టర్ వస్తుంది. కానీ హిస్టరీలో వెనక్కి వెళ్తే ఈ నలభై రోజులకి ఇంకో ముఖం ఉంది. మొదటి శతాబ్దాల్లో ఇది ఒక క్లాసు కూడా. నిజంగానే సిలబస్, టైమింగ్స్, చివర్లో వైవా అన్నీ ఉన్న క్లాసు!

ఈ రోజు ఎపిసోడ్‌లో మనం చూసేది ఒకటే. ఆ క్లాసులోకి పిల్లలు ఎప్పుడొచ్చారు? వాళ్ళకి పాఠం అర్థమయ్యేలా చెప్పిందెవరు?

ముందు జెరూసలేం వెళ్దాం. 325లో జరిగిన నైసియా మహాసభ తీర్మానాల్లోనే ఈ నలభై రోజుల కాలం ప్రస్తావన ఉంది. ఆ తర్వాత కొన్ని దశాబ్దాలకి, 381-384 మధ్య, పశ్చిమ యూరప్ నుంచి ఎజేరియా అనే ఆవిడ జెరూసలేం యాత్రకి వచ్చింది. చూసినదంతా తన ఊళ్ళో ఉన్న అక్కచెల్లెళ్ళకి ఉత్తరంలా రాసింది. ఆ రాతప్రతి 1884లో ఇటలీలోని అరెజ్జో పట్టణంలో దొరికింది. అందుకే మనకి ఇన్ని వివరాలు తెలుసు.

జ్ఞానస్నానం తీసుకోవాలనుకునే వాళ్ళు ముందే పేరు రాయించుకోవాలి. బిషప్ ఒక్కొక్కరి ఇరుగుపొరుగుని పిలిచి విచారించేవాడు. సరిగ్గా బతుకుతున్నాడా? తల్లిదండ్రుల్ని గౌరవిస్తాడా? తాగుబోతా? పాసైతేనే అడ్మిషన్. తర్వాత పొద్దున్నే మూడేసి గంటలు క్లాసు, వారాల తరబడి. ఆదికాండంతో మొదలుపెట్టి బైబిల్ అంతా వివరించేవాళ్ళు. ఐదు వారాలయ్యాక విశ్వాస సంగ్రహం నేర్పేవాళ్ళు. చివర్లో ఒక్కొక్కరూ బిషప్ ముందు నిలబడి దాన్ని అప్పజెప్పాలి. అదే ఊళ్ళో అంతకు ముందు ఇలాంటి ఉపన్యాసాలే ఇచ్చిన సిరిల్, దాన్ని కాగితం మీద రాసుకోవద్దు, మనసులో రాసుకోండి అని చెప్పాడు. నోట్స్ బంద్ అన్నమాట.

ఎజేరియా రాసిన వాటిలో నాకు బాగా నచ్చింది ఇంకో చిన్న విషయం. బిషప్ గ్రీకులోనే మాట్లాడేవాడు. కానీ జనంలో కొంతమందికి సిరియాక్ మాత్రమే వచ్చు. అందుకని పక్కన ఒక గురువు నిలబడి ప్రతి మాటా సిరియాక్‌లోకి మార్చి చెప్పేవాడు. మరి ఈ రెండూ రాని లాటిన్ వాళ్ళ సంగతి? గ్రీకు, లాటిన్ రెండూ తెలిసిన మామూలు విశ్వాసులే వాళ్ళ పక్కన ఉండి వివరించేవాళ్ళు. అంటే అంత పెద్ద చర్చిలో పాఠం నిజంగా చేరింది ఎవరి వల్ల? పక్కన ఉండి మన భాషలో చెప్పిన మనిషి వల్ల. ఈ మనిషిని గుర్తుపెట్టుకోండి. ఈ కథ చివరిదాకా వస్తాడు.

ఇదంతా పెద్దవాళ్ళ క్లాసు. ఆ తర్వాతి శతాబ్దాల్లో క్రైస్తవం ఇంటింటి మతమైంది, పసిపిల్లలకే జ్ఞానస్నానం ఇవ్వడం మామూలైపోయింది. దాంతో నలభై రోజుల క్లాసుకి స్టూడెంట్లే లేకుండా పోయారు! కాలం మిగిలింది, ఉపవాసం మిగిలింది, పాఠం పలచబడింది. 1215లో నాలుగో లాటరన్ మహాసభ, వివేకం వచ్చిన ప్రతి ఒక్కరూ ఏడాదికి ఒకసారైనా పాపసంకీర్తనం చెయ్యాలి, ఈస్టర్‌కి దివ్యసత్ప్రసాదం తీసుకోవాలి అంది. నియమం అయితే వచ్చింది. కానీ వివేకం వచ్చిన పిల్లవాడికి ఇదంతా ఏంటో చెప్పేదెవరు?

1536లో మిలాన్ నగరంలో కాస్తెల్లో అనే గురువు ఒక పని మొదలుపెట్టాడు. ఆదివారాలు, పండగ రోజుల్లో వీధి పిల్లల్ని పోగుచేసి జ్ఞానోపదేశంతో పాటు చదవడం, రాయడం నేర్పే బడులు. ఫీజు లేదు. నేర్పింది ఎక్కువగా గురువులు కాని మామూలు ఆడవాళ్ళు, మగవాళ్ళే. పుస్తకం ప్రశ్న-జవాబుల రూపంలో, లాటిన్‌లో కాకుండా ఇటాలియన్‌లో. తర్వాత 1563లో ట్రెంట్ మహాసభ రెండు ఆదేశాలు ఇచ్చింది. తపస్సు కాలంలో రోజూ, కుదరకపోతే వారానికి మూడు రోజులైనా ప్రసంగం ఉండాలి. ప్రతి విచారణలో ఆదివారాలు, పండగ రోజుల్లో పిల్లలకి విశ్వాసం నేర్పాలి. చూశారా, పాత క్లాసు మళ్ళీ తెరుచుకుంటోంది. ఈసారి బెంచీల మీద పిల్లలు!

ఇప్పుడు మన దక్షిణాదికి వద్దాం. 1542లో ఫ్రాన్సిస్ జేవియర్ గోవాలో దిగాడు. వీధుల్లో గంట కొడుతూ పిల్లల్ని పిలిచేవాడు. తర్వాత తమిళ ముత్యాల తీరానికి వెళ్ళాడు. ఆయనకి తమిళం రాదు. రెండు భాషలూ తెలిసినవాళ్ళతో ప్రార్థనలు తమిళంలోకి రాయించుకుని బట్టీ పట్టాడు. అవి పిల్లలకి నేర్పి, మీరు ఇంటికి వెళ్ళి అమ్మానాన్నలకి నేర్పండి అన్నాడు. అక్కడ పిల్లలే టీచర్లు!

తెలుగు నేలకి 18వ శతాబ్దం మొదట్లో ఫ్రెంచ్ జెస్యూట్లు కర్ణాటక మిషన్‌తో వచ్చారు. 1773లో పోపు ఆ జెస్యూట్ సభనే రద్దు చేశారు. గురువులు తక్కువ, ఊళ్ళు ఎక్కువ. అలాంటి చోట భారం మోసింది ఉపదేశి. గురువు ఎప్పుడో ఒకసారి వచ్చేవాడు. మిగతా రోజుల్లో సాయంత్రం పనులయ్యాక జనాన్ని కూడేసి ప్రార్థన చెప్పించేది, పిల్లల చేత జపాలు అప్పజెప్పించేది ఉపదేశే. చర్చిలో పూజేమో లాటిన్‌లో. అది 1960లలో మాతృభాషలోకి మారేదాకా, ఎన్నో తరాల తెలుగు పిల్లలకి అర్థమైన ముక్క ఉపదేశి తెలుగులో చెప్పిందే. జెరూసలేంలో పక్కన నిలబడ్డ ఆ అనువాదకుడు మన ఊళ్ళో ఇతనే.

ఇంకో రెండు తేదీలు. 1905లో పోపు పదో పయస్, మొదటి సత్ప్రసాదం తీసుకోబోయే పిల్లలకి తపస్సు కాలంలో ప్రతి రోజూ పాఠం చెప్పాలని విచారణ గురువుల్ని ఆదేశించారు. 1910లో ఆ వయసుని సుమారు 7 ఏళ్ళకి తగ్గించారు. అంతకు ముందు చాలా దేశాల్లో పదీ పన్నెండేళ్ళు దాటేదాకా ఆగాల్సి వచ్చేది. ఏడేళ్ళ పిల్లకి పెద్ద పెద్ద మాటలు అక్కర్లేదు. మామూలు రొట్టెకీ దీనికీ తేడా తెలిస్తే చాలు అన్నది ఆయన వాదన.

మరి ఇప్పుడు? 1983 నాటి చర్చి చట్టం ప్రకారం మాంసం మానే నియమం 14 ఏళ్ళు నిండినవాళ్ళకి, ఉపవాసం 18 నిండినవాళ్ళకి. చిన్నపిల్లలకి రెండూ తప్పనిసరి కాదు. కానీ అదే నిబంధనలో ఇంకో మాట ఉంది. తపస్సు అసలు అర్థం పిల్లలకి తెలిసేలా గురువులూ, తల్లిదండ్రులూ చూసుకోవాలి. అంటే చట్టం లెక్కలో కూడా ఏడేళ్ళ పిల్లవాడికి ఈ నలభై రోజులు ఇప్పటికీ క్లాసే.

ఇక్కడే అసలు సమస్య. హైదరాబాద్‌లో కేథలిక్ ఫ్రెండ్స్ ఇళ్ళల్లో నేను చూసేది ఏంటంటే, అమ్మమ్మ జపమాల తెలుగులో, మనవడి చదువు ఇంగ్లీషులో. సిలువ మార్గంలో పిల్లవాడు పధ్నాలుగు స్థలాల దగ్గరా మోకరిస్తాడు. కానీ ఆ తెలుగు మాటల్లో సగం వాడికి అందవు. డాలస్‌లో పుట్టిన పిల్లల సంగతి ఇక చెప్పక్కర్లేదు. ఒకప్పుడు లాటిన్ ఉన్న చోట ఇప్పుడు మన తెలుగే ఉంది! యాప్‌లున్నాయి, వీడియోలున్నాయి. కానీ పదిహేడు వందల ఏళ్ళ ఈ కథలో పాఠం చేరిన ప్రతిసారీ రెండు భాషలూ తెలిసిన మనిషి ఒకరు పక్కన ఉన్నారు.

ఈ తరంలో అమ్మమ్మ భాష, మనవడి భాష రెండూ వచ్చింది మనకే, ఇరవైల్లో, ముప్ఫైల్లో ఉన్నవాళ్ళకి. మీ ఇంట్లో ఏ మతమైనా, ఏ పండగైనా సరే, పక్కన కూర్చుని "దీని అర్థం ఇదిరా" అని చెప్పే పని ఇప్పుడు మనది. మీ చిన్నప్పుడు ఆ పని ఎవరు చేశారో నాకు రాయండి, చదువుతా. నెక్స్ట్ ఎపిసోడ్‌లో కలుద్దాం. ఉంటా మరి.