ఈ ఫ్రేమ్‌కి లైట్ పెట్టడం ఎవరు నేర్పారు? | యానిమేషన్ వెనకున్న గురువుల చరిత్ర



యానిమేషన్ సినిమాలో హీరో ముఖం మీద సాయంత్రం ఎండ పడుతుంది చూడండి, ఆ ఎండ దానంతటది రాదు. కంప్యూటర్ లోపల సూర్యుడు ఉండడు కదా! ఒక లైటింగ్ ఆర్టిస్ట్ కూర్చుని, ఆ ఎండ ఏ వైపు నుంచి రావాలి, ఎంత పసుపుగా ఉండాలి, నీడ ఎక్కడ పడాలి అని ఒక్కొక్కటీ పెడతాడు. తర్వాత క్యారెక్టర్, బ్యాక్‌గ్రౌండ్, పొగ, నీడలు విడివిడి లేయర్లుగా రెండర్ అవుతాయి. వాటన్నిటినీ ఒకే కెమెరాతో తీసినట్టు కలిపేవాళ్ళు కంపోజిటర్లు. చాలా స్టూడియోల్లో ఈ రెండు పనులూ ఒకరే చేస్తారు.

సాఫ్ట్‌వేర్ అయితే ట్యుటోరియల్ చూసి నేర్చుకోవచ్చు. మరి కన్ను ఎలా వస్తుంది? అంటే, "ఈ ఫ్రేమ్‌లో ఏదో తేడాగా ఉంది" అని కనిపెట్టే చూపు. అది ఎప్పుడూ ఒక మనిషి నుంచి ఇంకో మనిషికి వచ్చిందే. ఈ రోజు ఆ చరిత్ర చూద్దాం.

1932కి వెళ్దాం. లాస్ ఏంజెలిస్. మిక్కీ మౌస్‌తో వాల్ట్ డిస్నీ స్టూడియో అప్పటికే ఫేమస్. కానీ డిస్నీ ఇంకా పెద్ద సినిమాలు తీయాలనుకుంటున్నాడు. తన దగ్గరున్న కుర్రాళ్ళ డ్రాయింగ్ దానికి చాలదని ఆయనకి తెలుసు. అందుకని షునార్డ్ ఆర్ట్ ఇన్‌స్టిట్యూట్‌లో పాఠాలు చెప్పే డాన్ గ్రాహమ్‌ని పిలిచాడు. ఆ ఏడాది నవంబర్ నుంచి స్టూడియోలోనే సాయంత్రం క్లాసులు. మోడల్‌ని ఎదురుగా పెట్టి గీయించడం, తర్వాత రోజుల్లో ఫిల్మ్ వేసి కదలికని ముక్కలుగా చూపించడం. 1935 డిసెంబర్‌లో డిస్నీ గ్రాహమ్‌కి ఒక పొడవాటి మెమో రాశాడు. కొత్తవాళ్ళకి ఒక పద్ధతి ప్రకారం ట్రైనింగ్ ఉండాలని అందులో వివరంగా చెప్పాడు. రెండేళ్ళకి, 1937 డిసెంబర్‌లో స్నో వైట్ వచ్చింది.

ఆ స్టూడియోలో ఇంకో బడి కూడా ఉండేది. పేరు స్వెట్‌బాక్స్, అంటే చెమట పెట్టె. గాలి ఆడని చిన్న గది. యానిమేటర్లు గీసినవి అక్కడ ప్రొజెక్టర్‌లో వేసి చూసేవాళ్ళు, డిస్నీ అక్కడే తప్పులు చెప్పేవాడు. ఇప్పటి స్టూడియోల్లో డైలీస్ అనే మీటింగ్ ఉంటుంది కదా, పని జరిగే తీరు అలాంటిదే. నీ షాట్ స్క్రీన్ మీద పడుతుంది, సూపర్‌వైజర్ మాట్లాడతాడు. ఇందులో అసలు లాభం ఏంటంటే, పక్కవాడి షాట్ మీద చెప్పిన మాట కూడా నీకు ఫ్రీగా దొరుకుతుంది.

ఇక కంపోజిటింగ్ సంగతి. 1937లోనే ది ఓల్డ్ మిల్ అనే చిన్న సినిమాకి డిస్నీ వాళ్ళు మల్టీప్లేన్ కెమెరా వాడారు. బొమ్మల్ని వేర్వేరు అద్దాల మీద గీసి, ఒకదాని కింద ఒకటి ఎడంగా పెట్టి, పై నుంచి షూట్ చేయడం. రైలు కిటికీలోంచి చూస్తే దగ్గర చెట్లు పరిగెడతాయి, దూరం కొండలు మెల్లగా కదులుతాయి కదా, ఆ లోతు దీంతో వచ్చింది. ఇవాళ్టి లేయర్లకి అద్దాల వెర్షన్ అనుకోండి.

కంప్యూటర్ కాలంలో దాన్ని లెక్కల్లోకి తెచ్చింది లూకాస్‌ఫిల్మ్‌లో పనిచేసిన థామస్ పోర్టర్, టామ్ డఫ్. 1984లో వాళ్ళు రాసిన పేపర్ ఇప్పటికీ కంపోజిటింగ్‌కి పునాది. ప్రతి పిక్సెల్‌కీ ఎరుపు, ఆకుపచ్చ, నీలం కాక ఇంకో నంబర్ ఉంటుంది, ఆల్ఫా. ఆ పిక్సెల్‌లో బొమ్మ ఎంత భాగం కప్పింది అని అది చెబుతుంది. జుట్టు అంచులు కత్తిరించి అతికించినట్టు కాకుండా బ్యాక్‌గ్రౌండ్‌లో కలిసిపోతున్నాయంటే ఆ నంబర్ పుణ్యమే.

లెక్క దొరికింది. మరి కంటికి గురువు ఎవరు? 1995లో టాయ్ స్టోరీ వచ్చేసరికి పూర్తిగా కంప్యూటర్‌లో తీసిన ఫీచర్ సినిమాకి లైటింగ్ చేసిన సీనియర్లు ప్రపంచంలోనే లేరు! ఆ సినిమాకి లైటింగ్ సూపర్‌వైజర్లలో ఒకరు షారన్ కలహన్. పెయింటింగ్, సినిమాటోగ్రఫీలలో ఎప్పటినుంచో ఉన్న జ్ఞానాన్ని ఆమె కంప్యూటర్ ఆర్టిస్టులకి అర్థమయ్యేలా పాఠంగా రాశారు. అడ్వాన్స్‌డ్ రెండర్‌మ్యాన్ అనే టెక్నికల్ పుస్తకంలో అదొక చాప్టర్. చుట్టూ కోడ్, మధ్యలో ఈమె చెప్పేది: లైట్ పని ప్రేక్షకుడి చూపుని నడిపించడం, లోతు చూపించడం, టైమ్ ఎంతైందో చెప్పడం, మూడ్ తేవడం. 2014లో అమెరికన్ సొసైటీ ఆఫ్ సినిమాటోగ్రాఫర్స్ ఆమెని సభ్యురాలిగా తీసుకుంది. కేవలం యానిమేషన్ పనితో ఆ గౌరవం దక్కిన మొదటి వ్యక్తి ఆమే.

తర్వాత వాల్-ఈ, 2008. ఈసారి పిక్సార్ బయటి నుంచి గురువుని పిలిచింది: రోజర్ డీకిన్స్, మామూలు సినిమాల కెమెరామ్యాన్. రెండేళ్ళకి డ్రీమ్‌వర్క్స్ కూడా హౌ టు ట్రైన్ యువర్ డ్రాగన్‌కి ఆయన్నే సలహాదారుగా తీసుకుంది. కంప్యూటర్‌లో ఎన్ని లైట్లైనా పెట్టొచ్చు. నిజం కెమెరాతో బతికినవాడికి మాత్రం ఎక్కడ చీకటి వదిలేయాలో కూడా తెలుసు. వాల్-ఈకి లైటింగ్ హెడ్ డానియెల్ ఫైన్‌బర్గ్. ఆమె చదివింది కంప్యూటర్ సైన్స్! బీటెక్ బ్యాచ్, వింటున్నారా?

ఇప్పుడు మన ఊరికి వద్దాం. రిథమ్ అండ్ హ్యూస్ అనే అమెరికన్ స్టూడియోకి హైదరాబాద్‌లో కూడా ఆఫీస్ ఉండేది. లైఫ్ ఆఫ్ పైలో ఆ పులిని చేసిన కంపెనీ. 2013 ఫిబ్రవరిలో కంపెనీ దివాలా పిటిషన్ వేసింది. అదే నెల 24న ఆ సినిమాకే విజువల్ ఎఫెక్ట్స్ ఆస్కార్ వచ్చింది! 2025 ఫిబ్రవరిలో టెక్నికలర్ గ్రూప్ కూలిపోయినప్పుడు బెంగళూరు, ముంబైలలోని దాని స్టూడియోలు కూడా ఆగిపోయాయి.

స్టూడియో మూతపడితే కంప్యూటర్లు అమ్మేస్తారు, లైసెన్సులు ఆపేస్తారు. ఆ రెండూ మళ్ళీ కొనుక్కోవచ్చు. కానీ సీనియర్ తలో దిక్కుకి పోతే, అతని పక్క సీట్లో కూర్చుని నేర్చుకోవాల్సిన ఫ్రెషర్ గతి ఏంటి? మన దగ్గర ఇంకో చిక్కు కూడా ఉంది. అవుట్‌సోర్స్ పనిలో డైరెక్టర్ ఎక్కడో ఉంటాడు. రాత్రికి ఒక లైన్ నోట్ వస్తుంది: "రిమ్ లైట్ తగ్గించు." తగ్గిస్తాం, షాట్ అప్రూవ్ అవుతుంది. నేర్చుకున్నది మాత్రం సున్నా.

నేను సాఫ్ట్‌వేర్‌లో ఉన్నప్పుడు కోడ్ రివ్యూలో చూసింది కూడా ఇదే. "ఈ లైన్ మార్చు" అంటే ఆ ఒక్క లైన్ మారుతుంది. ఎందుకో చెబితే రాసే పద్ధతే మారుతుంది. అదే నోట్‌ని ఇలా చెప్పి చూడండి: "ఈ సీన్‌లో ఆ అమ్మాయి ఒంటరిగా ఉంది, నువ్వు పెట్టిన రిమ్ లైట్‌కి హీరోయిన్ ఎంట్రీలా ఉంది." ఇది విన్న కుర్రాడు తర్వాతి షాట్‌లో తనే ఆలోచిస్తాడు.

ఫ్రెషర్స్, మీకు ఒక పని చెప్తాను. నోట్ వస్తే సరిచేసి వదిలేయకండి, "ఎందుకు" అని మర్యాదగా అడగండి. లీడ్ బిజీగా ఉంటే సీన్‌లో లైట్లన్నీ ఆఫ్ చేసి, ఒక్కొక్కటే ఆన్ చేయండి. ఏ లైట్ ఏం చెబుతుందో ఒక్క వాక్యంలో రాసుకోండి. రాయడానికి వాక్యం దొరకని లైట్ బహుశా ఆ షాట్‌కి అక్కర్లేదు.

సీనియర్స్, మీకు డాన్ గ్రాహమ్‌లా సాయంత్రం క్లాసులు పెట్టే టైమ్ లేకపోవచ్చు. నోట్ చివర "ఎందుకంటే" అని ఒక్క మాట కలపడానికి అర నిమిషం చాలు.

మీకు కన్ను ఇచ్చిన మనిషి ఎవరో కింద రాయండి, నేను చదువుతా. నెక్స్ట్ ఎపిసోడ్‌లో కలుద్దాం. బై!