దద్దుర్లు: కారణం కోసం జరిగిన వెదుకులాట

దద్దుర్లు ఎరుగని ఇల్లు తెలుగునాట బహుశా ఉండదు. చర్మం ఉన్నట్టుండి ఎర్రగా ఉబ్బి, విపరీతంగా దురద పెట్టి, కొద్ది గంటలలో మచ్చయినా మిగలకుండా మామూలైపోతుంది. సాధారణంగా ఈ బాధ కొద్ది రోజులలో తీరుతుంది. కాని కొందరిలో అది ఆరు వారాలు దాటి, నెలల తరబడి, ఒక్కొక్కప్పుడు ఏళ్ళ తరబడి వచ్చిపోతూ ఉంటుంది. వీటినే దీర్ఘకాలిక దద్దుర్లు అంటారు.

పదునాలుగు, పదిహేనేళ్ళ వయసులో ఇవి వస్తే చిక్కు ఎక్కువ. రాత్రంతా దురదతో నిద్రలేక గడిపిన పిల్లవాని ఒంటిపై బడిగంట వేళకు ఒక్క దద్దురైనా కనిపించకపోవచ్చును. ఆలస్యానికి అతడు చెప్పిన కారణం సాకుగా తోస్తుంది. ఇది అంటువ్యాధి కాకపోయినా పక్కవాడు కొంచెం జరిగి కూర్చుంటాడు. ఇంట్లో ముందుగా వంకాయ మానిపిస్తారు. తరువాత గోంగూర, గుడ్డు, చేప. చివరకు మజ్జిగ అన్నం మాత్రమే మిగులుతుంది. “ఏం తిన్నావు?” అన్నది అందరూ వేసే ప్రశ్న. ఆ ప్రశ్నకు అంత బలం ఎట్లా వచ్చినదో, అది ఎంతవరకు సరియైనదో తెలియాలంటే కొంత చరిత్ర చూడవలసి ఉన్నది.

వ్యాధి కొత్తది కాదు. ప్రాచీన గ్రీకు వైద్యులు దీనిని ముట్టుకుంటే మండే ఒక మొక్క తాకిడితో పోల్చినారు. ఆయుర్వేదంలో మాధవనిదానం దీనిని శీతపిత్తమని పిలిచి, కందిరీగ కుట్టినట్టి వాపుగా వర్ణించినది. పోలిక చక్కనిదే, కాని పోలిక కారణం కాదు. దద్దురు ఎట్లా పుడుతుందో తెలియడానికి ఇరవయ్యవ శతాబ్దం వరకు ఆగవలసి వచ్చినది.

మొదటి మెట్టు ఎక్కినవాడు లండను వైద్యుడు థామస్ లూయిస్. ఆయన పద్ధతి బడిపిల్లలకు సైతం అర్థమయ్యేది. మొద్దు అంచు గల వస్తువుతో చర్మంపై గట్టిగా ఒక గీత గీచినాడు. మొదట గీచినచోట ఎర్రని చార ఏర్పడినది. తరువాత దాని చుట్టూ ఎరుపు వ్యాపించినది. చివరకు, చర్మతత్త్వాన్ని బట్టి, చార ఉబ్బి దద్దురైనది. సన్నని రక్తనాళాలు వెడల్పుకావడం మొదటిది. నరాల ద్వారా చుట్టుపక్కల నాళాలు కూడా వెడల్పుకావడం రెండవది. నాళాల గోడలలోనుండి ద్రవం బయటికి ఊరి చర్మంలో నిలవడం మూడవది. గాయపడిన చర్మంలో ఏదో ఒక పదార్థం విడుదల అవుతున్నదని, అది హిస్టమిన్ వంటిదని 1927లో ప్రచురించిన గ్రంథంలో లూయిస్ వాదించినాడు. హిస్టమిన్ అప్పటికే తెలిసిన పదార్థం. హెన్రీ డేల్, పాట్రిక్ లెయిడ్లా 1910లో దాని ప్రభావాలను జంతువులలో పరిశీలించి ఉన్నారు.

మరి హిస్టమిన్ చర్మంలో ఎక్కడ దాగి ఉన్నది? సమాధానం ఒక పాత సిద్ధాంతవ్యాసంలో పడి ఉన్నది. పాల్ ఎర్లిఖ్ అనే జర్మను విద్యార్థి 1878లో రంగులద్ది చూచిన కణజాలంలో రేణువులతో కిక్కిరిసిన కణాలను కనుగొన్నాడు. బాగా మేసి బలిసినవనుకొని వాటికి మాస్ట్ కణాలని పేరు పెట్టినాడు. మేత అనే అర్థం గల జర్మను మాట అది. ఆ రేణువులు తిండి కావని, హిస్టమిన్ నిల్వలని డండీ నగరంలో రైలీ, వెస్ట్ అనే ఇద్దరు తేల్చేసరికి 1953 వచ్చినది. పేరు మాత్రం మారలేదు.

ఈ మధ్యలోనే, 1921లో, బ్రెస్లావు నగరంలో (నేటి పోలండులోని వ్రోత్స్వాఫ్) ఒక ప్రయోగం జరిగినది. హైన్జ్ క్యూస్ట్నర్ అనే వైద్యునికి చేప పడదు. తింటే దద్దుర్లు లేస్తాయి. అతని సహచరుడు కార్ల్ ప్రౌస్నిట్జ్ కు చేపతో ఏ బాధా లేదు. ప్రౌస్నిట్జ్ తన చర్మంలో ఒకచోట క్యూస్ట్నర్ రక్తరసిని కొద్దిగా ఎక్కించుకొన్నాడు. మరునాడు అదే చోట చేపసారం ఎక్కించగా అక్కడ దద్దురు లేచినది! చేప పడకపోవడమనే గుణం రక్తరసితోపాటు ఒకరినుండి మరొకరికి చేరినదన్నమాట. (రక్తం ద్వారా వ్యాధులు సంక్రమించే ప్రమాదం తెలిసినందున ఇటువంటి పరీక్ష తరువాత మానివేసినారు.) ఆ గుణాన్ని మోసే పదార్థం ఐజిఇ అనే ప్రతిరక్షకమని 1966, 1967 సంవత్సరాలలో అమెరికాలో ఇషిజాకా దంపతులు, స్వీడనులో యోహాన్సన్, బెన్నిఖ్ వేర్వేరుగా చూపినారు. మాస్ట్ కణాలకు అంటిపెట్టుకొని ఉన్న ఐజిఇ, తనకు సరిపడే పదార్థం తగలగానే, ఆ కణంచేత హిస్టమిన్ ను కక్కిస్తుంది.

ఇంత స్పష్టమైన విజయం ఒక చిక్కును కూడా తెచ్చిపెట్టినది. దద్దురు కనిపిస్తే చాలు, తిండిలో శత్రువు ఉండి తీరాలన్న నమ్మకం బలపడినది. తిన్న కొద్దిసేపటిలో లేచి, ఆ పూటతో పోయే దద్దుర్ల విషయంలో అది నిజం కావచ్చును. నెలల తరబడి దాదాపు ప్రతిదినం వచ్చే వాటి విషయంలో తిండి కారణం కావడం చాలా అరుదు. ఎదిగే వయసులో గుడ్డు, పాలు, పప్పు ఒకదాని తరువాత ఒకటి మానిపిస్తే దద్దుర్లు తగ్గవు. పిల్లవాడు మాత్రం చిక్కిపోతాడు.

తిండితో పనిలేని దద్దుర్లు ఉన్నవని నిజానికి 1924లోనే అమెరికా వైద్యుడు డ్యూక్ వ్రాసినాడు. చలి, వేడి, రాపిడి వంటి భౌతిక కారణాలవల్ల కూడా దద్దుర్లు వస్తాయని ఆయన గ్రహించినాడు. 1936లో గ్రాంట్, పియర్సన్, కోమో అనే ముగ్గురు మరొక రకాన్ని శ్రద్ధగా పరిశీలించినారు. వ్యాయామం చేసినా, వేడినీళ్ళ స్నానం చేసినా, మనసు కలత చెందినా గుండుసూది తలలంత చిన్న దద్దుర్లు లేవడం దీని లక్షణం. యౌవనారంభంలో ఎక్కువగా కనిపించే రకం ఇదే కనుక వ్యాయామోపాధ్యాయులు దీనిని ఎరిగి ఉండడం మంచిది. పరీక్షనాడు దద్దుర్లు వచ్చిన పిల్లవాడు నటిస్తున్నాడనుకోవడం పొరపాటు. భయం కల్పితం కాదు, చెమట పట్టించే నరాల ద్వారా అది చర్మంపై పని చేస్తుంది.

బయటి కారణమేదీ దొరకని వారి సంగతి 1986 వరకు చీకటిలోనే ఉన్నది. ఆ సంవత్సరం ఇంగ్లండులో గ్రాటన్, ఆయన సహచరులు బ్రెస్లావు ప్రయోగాన్ని తిరగవేసినట్టి పరీక్ష ఒకటి ప్రకటించినారు. రోగి రక్తరసిని పరుల చర్మంలో కాక అతని చర్మంలోనే ఎక్కించినారు. కొందరిలో అక్కడ దద్దురు లేచినది. చేప లేదు, పుప్పొడి లేదు. సొంత రక్తరసి ఒక్కటే చాలినది. 1993లో లండనులో హిడే, గ్రీవ్స్ మొదలైనవారు కారణం చెప్పినారు. అటువంటి రోగుల రక్తంలో, మాస్ట్ కణంపై ఐజిఇ అంటుకొనే స్థానానికే ఎదురుతిరిగే ప్రతిరక్షకాలు ఉన్నవి. అంటే కొందరిలోనైనా దోషి కంచంలో లేడు. శరీర రక్షణ వ్యవస్థే దారి తప్పినది.

మందుల చరిత్ర కారణాల చరిత్రకంటె ముందు నడిచినది. 1937లో పారిస్ లోని పాస్టర్ సంస్థలో బోవే, స్టాబ్ హిస్టమిన్ ను అడ్డగించే మొదటి పదార్థాన్ని కనుగొన్నారు. అది మనుషులకు ఇవ్వరానంత విషపూరితం. వాడదగిన మందులు 1942 నుండి వచ్చినవి. 1957లో బోవేకు నోబెల్ బహుమతి లభించినది. ఆ తొలి మందులు దురదతోపాటు మెలకువను కూడా తగ్గించేవి. తరగతిలో కునుకుతీసే విద్యార్థిని మందలించేముందు అతడు వేసుకొన్న మాత్ర ఏదో అడగడం న్యాయం. 1980ల నుండి వచ్చిన మందులలో ఆ మత్తు చాలా తక్కువ. వీటిని దద్దురు లేచినప్పుడు మాత్రమే కాక, వైద్యుడు చెప్పినంతకాలం ప్రతిదినం తీసుకోవాలి. వీటికీ లొంగని వారికి ఐజిఇని బంధించే ఒమాలిజుమాబ్ అనే సూదిమందును 2014లో అమెరికా ప్రభుత్వం పన్నెండేళ్ళు, ఆ పైబడిన వారికి అనుమతించినది. నాలుకగాని గొంతుగాని వాచి ఊపిరి అందకపోతే మాత్రం మాత్రకోసం వెదకక వెంటనే ఆసుపత్రికి చేర్చాలి.

వైద్యుని ఎదుటికి వెళ్ళేసరికి దద్దుర్లు మాయం కావడం ఈ వ్యాధిలో పరిపాటి. అందుచేత లేచిన వెంటనే ఫోటో తీసుకొని, ఒక్కొక్క దద్దురు ఎంతసేపు ఉన్నదో, అంతకుముందు చలిగాలిలో ఉన్నాడో, పరుగెత్తినాడో, జ్వరం వచ్చినదో, నొప్పిమాత్ర వేసుకొన్నాడో ఒక నోటుపుస్తకంలో వ్రాసుకొన్న విద్యార్థి వైద్యుని పని సగం చేసినట్లే. ఒక దద్దురు ఒకేచోట ఇరవైనాలుగు గంటలకు మించి నిలిచినా, పోయినచోట కమిలినట్లు మచ్చ మిగిలినా, అది మామూలు దద్దురు కాకపోవచ్చునని వైద్యుడు ఆ పుస్తకాన్ని బట్టే గ్రహిస్తాడు.